డబ్బా ఉండగా సరోజకు చదువెందుకు?

పాఠాలు చెప్పి పిల్లల్ని బడికి దూరం చేసిన పంతుళ్లు చాలామందే ఉంటారు. కంప్యూటర్‌ను పొగిడి పొగిడి ఒక పిల్ల చదువుకే ఎసరు పెట్టిన ఘనత మాత్రం నాదే.

ఎనభైల నడుమ మా బాన్సువాడ బడికి కంప్యూటర్ వచ్చింది. లెక్కల పంతుల్నని నన్ను కొద్దిరోజులు శిక్షణకు పంపారు. తిరిగొచ్చాక నా నడకే మారిపోయింది. బస్టాండు హోటల్లో ఎవరు దొరికినా కంప్యూటర్ గురించే చెప్పేవాణ్ణి. ఎవరూ దొరక్కపోతే చాయ్ పోసేవాడికి చెప్పేవాణ్ణి. దుమ్ము పడకూడదన్నారని మా ఇంట్లోని కొత్త దుప్పటి తెచ్చి దానికి కప్పాను. కన్నబిడ్డకు కూడా అంత శ్రద్ధగా కప్పలేదని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

కంప్యూటర్ ఉన్న గదిని అందరికంటే ఎక్కువగా ఇష్టపడింది ఎనిమిదో తరగతి సరోజ. తండా పిల్ల. ఏ పనినైనా దేని తర్వాత ఏది చేయాలో వరుసగా చెప్పేది. యంత్రానికి కావలసిందీ అదే కదా! అంతలో చెరుకు కొట్టే కాలం వచ్చింది. వలస పోతున్న తండ్రి రూప్లా, చంటి తమ్ముణ్ణి చూసుకోవడానికి సరోజను కూడా తీసుకుపోతానన్నాడు. పోతే ఆ ఏడాది చదువు పోయినట్టే. కంప్యూటర్ గొప్పదనం చెప్పి ఆపుదామని సైకిలెక్కి తండాకు పోయాను.

"రూప్లన్నా, కంప్యూటరంటే ఏమనుకున్నవు? ఎంత పెద్ద లెక్కయినా రెప్పపాటుల చేస్తది. రాస్తది. చెప్పింది మరువదు."

"నిజంగనా సారూ?"

"నిజం. దానికి అలుపు రాదు, ఆకలి కాదు."

రూప్లా తలపాగా సర్దుకుని ఆలోచనలో పడ్డాడు. పని అయిపోయిందని నేను మీసం దువ్వుకున్నాను.

"మరి అన్ని గదే చేస్తుంటే మా సరోజ సదువుడెందుకు సారూ? గా డబ్బానే సదువుకోనియ్యి. పిల్లను నేను తోల్కపోత."

మీరే చెప్పండి, ఇందులో తప్పెక్కడుంది? నాకైతే దొరకలేదు. పక్కన సరోజ కళ్లనిండా నీళ్లు. నా నోటిని నేనే తిట్టుకున్నాను.

"కాదన్నా! అది ఉత్త మొద్దు!"

"ఇప్పుడే గొప్పదంటివి?"

"రేపు బడికి రా. నీ కండ్లతోనే సూద్దువు."

మర్నాడు రూప్లా కంప్యూటర్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "రేపు వానొస్తదా అడుగు సారూ."

టైపు కొట్టాను. తెర మీద 'మిస్టేక్' అని పడింది.

"ఏమంటుంది?"

"తప్పంటుంది."

"నా పేరేందో అడుగు."

మళ్లీ 'మిస్టేక్'.

"నా పేరడిగితే గూడ తప్పేనా? మా ఎద్దు నయం, పిలిస్తే తల తిప్పుతది."

అప్పుడు సరోజ కూర్చుని రెండు వరుసలు కొట్టింది. అంతే, తెర నిండా రూప్లా, రూప్లా, రూప్లా అని పారుతూనే ఉంది. అతనికి చదవడం రాదు. బిడ్డే చదివి వినిపించింది.

"ఇగ చాలు, ఆపు బిడ్డా!"

"నేను చెప్పేదాక ఆగదు బాపూ. ఏం చెయ్యాలె, ఎప్పుడు ఆగాలె, అన్ని మనమే చెప్పాలె."

రూప్లా కంప్యూటర్ వైపు జాలిగా చూశాడు. "అయ్యో, గింత మొద్దా! నువ్వు పోతే దీని గతేంగాను? తండాల మీ ముసలవ్వ తాన ఉండి సదువుకో. చంటోణ్ణి మేమే సూసుకుంటం."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. కథ ఇక్కడ ఆగి ఉంటే నేను గొప్పవాణ్ణే.

వలస బయలుదేరేముందు రూప్లా బిడ్డను చూసిపోదామని బడికొచ్చాడు. సరిగ్గా ఆ రోజే ఈ కొత్త చదువు ఎలా సాగుతోందో చూడ్డానికి పై అధికారి దిగాడు. కనబడ్డ మొదటి తండ్రిని పట్టుకుని, "కంప్యూటర్ చదువుతో మీ పిల్లకేం లాభమయ్యా?" అని అడిగాడు.

రూప్లా నన్ను గర్వంగా చూపించాడు. "మా పిల్లకేం లాభం సారూ, లాభమంత దానికే! బడి మొత్తంల గదే పెద్ద మొద్దని గీ సారే చూపెట్టిండు. పాపం, మా బిడ్డనే దానికి సదువు చెప్తుంది."

అధికారి నావైపు చూశాడు. హెడ్మాస్టరు నేలవైపు చూశారు. నేను ఆ క్షణమే ఒట్టు పెట్టుకున్నాను: ఇక ఈ జన్మలో ఏ యంత్రాన్నీ పొగడను, తిట్టను. ఆడపిల్ల తండ్రి ఎదురుగా ఉంటే యంత్రం పేరే ఎత్తను.