రొట్టె అందుకోని దీనమ్మ

మెదక్ చర్చిలో దీనమ్మ ఎప్పుడూ వెనక వరుసలోనే మోకరిస్తుంది. తెల్లచీర కొంగు తలమీదికి లాక్కొని, "ప్రభువా, నా గుండెల ఉండు" అని గొణుగుతుంది. కారే కన్నీళ్ళు తుడుచుకోదు. కొడుకు ప్రభుదాసు లారీ కింద పడి చనిపోయినప్పటి నుంచీ ఆమె ప్రార్థన అదొక్కటే. ఆ లారీ నడిపిన పరమేశ్ మొన్న వానలో రామాయంపేట నుంచి వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాడు. "తప్పయింది అవ్వా, మాఫ్ చెయ్యుండ్రి" అన్నాడు. దీనమ్మ తలుపు వేసుకుంది. అతడు చాలాసేపు తడిసి వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు భోజనానికి అందరూ లేచినా ఆమె లేవలేదు. "ఏమైందక్కా, రొట్టె తీసుకోవా?" అని పక్కనున్న స్నేహలత అడిగింది.

"ప్రభువును రమ్మని రోజూ పిలుస్తున్న. ఆయనొస్తే గా లారీ పిలగాన్ని ఎంబడి తోల్కొనే వస్తడు. నాతోని అయితలేదు బిడ్డా."

మరునాడు ఆమె రామాయంపేట బస్సెక్కింది. దారి అడుగుతూ పోయి పరమేశ్ ఇల్లు పట్టుకుని, అరుగుమీద కూర్చుంది. అతడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. క్షమించానన్న మాట మాత్రం ఆమె నోట రాలేదు.

"జర మంచినీళ్ళియ్యి" అంది.

అతడిచ్చిన చెంబు ఎత్తితే సగం నీళ్ళు చీరమీద ఒలికాయి. మిగిలినవి తాగింది.