మంచి చెవిలో పెట్టిన బ్లూటూత్

మా ఆయనకి ఎడమ చెవి వినపడదు. కుర్రతనంలో వాళ్ళ నాన్న మరబోటులో ఇంజను పక్కనే కూర్చుని ఏళ్ళ తరబడి వేటకెళ్ళిన ఫలితం. పెళ్ళయిన నెలకే కుడివైపు చేరి మాట్లాడటం నాకు అలవాటైపోయింది. ఇంటికొచ్చిన చుట్టాలు కూడా కుర్చీ ఆయన కుడి పక్కకే లాక్కునేవారు. ఎంత బాగా సర్దుకున్నామంటే, అసలు ఆ చెవి సంగతే మరిచిపోయాం.

అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చేసిన రోజులవి. ఈయన రొయ్యల ఏజెంటు. ముదినేపల్లి చెరువుల నుంచి నాగాయలంక దాకా మోటారు సైకిలు మీదే తిరుగుడు. చెరువులో వల పడ్డాక రైతు ఆగడు. ఫోనెత్తి రేటు చెప్పకపోతే ఇంకో ఏజెంటు ఐసు లారీ పంపిస్తాడు. అందుకని ఈయన సెల్లుని కుడి చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, మెడ వంకర పెట్టి బండి నడిపేవారు. ఒకరోజు పెడన దాటాక మలుపులో పడ్డారు. మోకాలు చీరుకుపోయింది. లేచి ముందు చూసుకున్నది మాత్రం ఫోనుని.

ఇంకోసారి అలా నడిపితే ఆ సెల్లు కాలవలో ఉంటుందన్నాను. అన్నంత పనీ చేస్తానని ఆయనకి తెలుసు. ఆ ఆదివారమే బందరు కోనేరు సెంటరులో సెల్ షాపుకి బయల్దేరాం.

షాపాయన మూడు బ్లూటూత్‌లు బల్ల మీద పెట్టాడు. డిగ్రీలో ఫిజిక్సు చదివినదాన్ని, డబ్బా మీద రాసింది నమ్మి కొనే రకాన్ని కాను. మా ఆయన్ని రోడ్డు మీదకి పంపించి, ఒక్కొక్కటీ పెట్టించి, నేను లోపల షాపాయన ఫోను పట్టుకుని విన్నాను. చవకదానిలో ఈయన గొంతు కంటే రిక్షాల బెల్లులే ఎక్కువ వినిపించాయి. రెండోది నోటి దాకా మైకు పుల్ల ఉన్నది, చెవి మీద కొక్కెంలా తగులుకుంటుంది. ఫరవాలేదు గానీ కాస్త గరగర. మూడోది రబ్బరు బిరడాలా చెవిలోకి దిగిపోతుంది. దాంతో మాట్లాడితే బజారు బజారంతా మాయమై ఈయన గొంతొక్కటే మిగిలింది. ఆయన కూడా నా మాట పక్కనుంచి చెప్పినట్టే ఉందన్నారు.

అప్పటికి గంట దాటింది. "పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని అడగరండీ" అన్నాడు షాపాయన.

"అక్కడ అడగలేదు కాబట్టే ఇక్కడ అడుగుతున్నానండీ."

అందరూ నవ్వారు. బండి మీదకైతే రెండోదే మేలనీ, అది చెవిని పూర్తిగా మూసెయ్యదనీ షాపాయన చెప్పబోయాడు. గరగరమనేదాన్ని అంటగట్టాలని చూస్తున్నాడనిపించింది నాకు. చెవి మూస్తేనే కదా మాట తెలిసేది అని నోరు మూయించి, మూడోది కొనిపించాను.

గుడివాడలో మా ఇంటికి తిరుగు ప్రయాణం. పెడన దాటగానే ఫోను మోగింది. ఆయన చెవి దగ్గర మీట నొక్కారు. మెడ నిటారుగా ఉంది, రెండు చేతులూ హ్యాండిలు మీదే ఉన్నాయి. వెనక కూర్చుని నాలో నేనే మురిసిపోయాను.

కాస్త దూరం పోయాక వెనక బస్సు హారను కొట్టింది. ఈయన రోడ్డు మధ్యలోంచి కదల్లేదు. రొయ్య ఏ సైజుకొచ్చిందో రైతుని అడుగుతున్నారు. మళ్ళీ హారను, ఈసారి ఆపకుండా. కుడి భుజం మీదికి వంగి పక్కకి తీయమన్నాను. ఉలుకూ పలుకూ లేదు. అరిచాను. వీపు మీద కొట్టాను. ఏదో విసుక్కుంటున్నాననుకుని భుజం విదిలించారు. తిరిగి చూస్తే బస్సు అద్దం వెనక డ్రైవరు మొహం కనిపిస్తోంది. ఎదురుగా ట్రాక్టరు. బస్సు తప్పుకోవడానికి చోటు లేదు.

చెయ్యి చాచి ఆయన చెవిలోది లాగేశాను.

బండి ఊగిపోయి, తారు రోడ్డు దిగి, కాలవ గట్టు మీద గడ్డిలో ఆగింది. బస్సు మమ్మల్ని రాసుకున్నంత దగ్గరగా పోయింది. డ్రైవరు తిట్టిన తిట్టు వినబడేలోపే దుమ్ము కమ్మేసింది.

"ఏం పనే అది? ఇద్దరం కాలవలో ఉండేవాళ్ళం" అన్నారు ఆయన.

"హారను విన్నారా?"

"ఏ హారను?"

ఉన్న ఒక్క చెవికీ నా చేతులతో బిరడా బిగించాను. ఆ షాపాయనకి ఈయన చెవి సంగతి తెలియదు. నాకు తెలుసు.

నా గుప్పిట్లో రైతు గొంతు సన్నగా వినిపిస్తోంది. ఆయన చెయ్యి చాచారు. ఇవ్వలేదు. మాట్లాడాలంటే జేబులో సెల్లు తీసి, ఇలాగే ఆగి మాట్లాడమన్నాను. ఫోను వచ్చినప్పుడల్లా ఆగితే చెరువులన్నీ పక్కవాళ్ళకి పోతాయన్నారు.

"పోనీండి" అన్నాను. "చెరువులు చాలా ఉన్నాయి."

ఈలోపు రైతు ఫోను పెట్టేశాడు. ఆ సరుకు ఇంకో ఏజెంటుకే పోయింది. గుడ్లవల్లేరు దాకా ఆయన పోయిన సరుకు లెక్కే గొణుక్కున్నారు. నోరు తెరిస్తే షాపులో వాదించి గెలిచిన సంగతి ఒప్పుకోవాల్సొస్తుందని నేను బ్లూటూత్‌ని సంచి అడుక్కి తోస్తూ కూర్చున్నాను.

ఊరు దాటాక మళ్ళీ ఫోను మోగింది. రెండోసారి, మూడోసారి మోగుతుంటే నేను ఆయన వీపు వంకే చూస్తున్నాను. ఆయన ఎడమ సిగ్నలు వేసి, బండి రోడ్డు దించి, ఇంజను కట్టేసి, అప్పుడు సెల్లు ఎత్తారు.