కొలనులో ఐదోది

బతికి ఉన్న మొసలిని చచ్చిందని కాగితంలో రాసి, జంతుశాల గేటుకు తాళం వేశారు. వేశారు అన్నాను, నిజానికి వేశాం అనాలి. ఎందుకో చెబుతాను.

పూతలపట్టు దాటాక, రోడ్డుకు బాగా లోపలగా, కొండ మొదట్లో ఒక ట్రస్టు వాళ్లు చిన్న జంతుశాల నడిపేవారు. పేరు రాయను. అక్కడ ఇరవై రెండేళ్లు పనిచేశాను. చివరి ఆరేళ్లు హెడ్ కీపరును. తొమ్మిదేళ్ల కిందట, మే నెల మొదటి సోమవారం, మూసివేత పని నాకు అప్పగించారు. లైసెన్సు ఇక కొనసాగదని తేలింది. జంతువులన్నిటినీ వేరే జంతుశాలలకు తరలించాలి. నేను బడికి పోయింది మూడో తరగతి దాకానే. మిగతా చదువు జంతువుల మేత లెక్కలు రాసే బోర్డు మీద, పశువుల డాక్టరు పారేసిన పాత పుస్తకాల్లో నేర్చుకున్నాను. కాబట్టి చదవకుండా సంతకం పెట్టే మనిషిని కాను. ఈ మాట గుర్తుంచుకోండి.

కీపరు మొదటి పని తలల లెక్క. ఎలుగుబంటి అయితే రాత్రి గదిలో, అంటే బోను వెనక అది పడుకునే చిన్న గదిలో, పొద్దున్నే కనిపిస్తుంది. మొసలి అలా కాదు. నీళ్లలో మునిగితే చాలాసేపు పైకి రాదు. అందుకని మేత రోజున ఇనుప బొక్కెనను కమ్మీతో మూడుసార్లు కొట్టి, తేలిన తలలు లెక్కపెట్టేవాణ్ని. ఐదు. ఐదోది ఆడది. తోక కొస తెగి ఉండేది కనుక మొండి అనేవాళ్లం. ఎంత కొట్టినా అన్నిటికంటే చివరికి గానీ వచ్చేది కాదు. గుణానికీ ఆ పేరే సరిపోయింది.

కొలను నీళ్లు తోడించాం. బురదలో నాలుగు దొరికాయి. కళ్లమీద తడి గోనె కప్పి, మూతికి తాడు కట్టి, పెట్టెల్లోకి ఎక్కించాం. మొండి లేదు. ఎండలకు నీరు తగ్గితే ఈ జాతి మొసలి గట్టులో బొరియ తవ్వుకుని అందులో పడుకుంటుంది. తూర్పు గట్టు కింద బొరియ నోరు మేనేజరుకు చూపించాను. మళ్లీ నీళ్లు వదిలి రెండు రోజులు ఆగితే అదే వస్తుందని చెప్పాను.

"ఏమప్పా, అది నీకు మేనత్తా, కాచుకోని కూచునేదానికి? లారీ నిలబడి ఉండాది. చచ్చిందని రాయి," అన్నాడాయన.

కళేబరం లేకుండా చావు రాయకూడదు. డాక్టరు కోసి చూడాలి, కారణం రాయాలి, ఇద్దరి ఎదుట కాల్చాలి. అది పద్ధతి. ఆ మాటే అన్నాను. ఆయన సొరుగు లాగి, వేరే ఊరి జంతుశాల నుంచి నాకు వచ్చిన ఉద్యోగం ఆర్డరు తీసి చూపించి, మళ్లీ లోపల పెట్టి సొరుగు మూశాడు.

'మొసళ్లు ఐదు. పంపినవి నాలుగు. మరణించినది ఒకటి.' చదివే సంతకం పెట్టాను. కొలనుకు నీళ్లు వదలమని, ఒక కన్ను వేసి ఉంచమని వాచ్‌మన్‌కు చెప్పి వెళ్లాను. ఆ వాచ్‌మన్‌ను నెల తిరక్కుండానే తీసేశారట.

రిటైరై పోయినేడు ఈ ప్రాంతానికే తిరిగి వచ్చాను. ఆ స్థలంలో ప్లాట్లు వేస్తున్నారని విని, ఫిబ్రవరిలో ఒక పొద్దున చూడబోయాను. గేటుకు మా తాళం అలాగే ఉంది. పక్కన గోడే లేదు. టికెట్ల గదిలో సర్కారు తుమ్మ మొలిచి రేకుల్ని పైకెత్తింది. ఎలుగు రాత్రి గది తలుపుకు లోపలివైపు గోళ్ల గీతలు నిన్న గీసినట్టున్నాయి. మేత బోర్డు మీద నేను పెయింటుతో రాసిన 'మొసళ్లు 5' చెదరలేదు.

కొలను గట్టున ముళ్లకంప అడ్డం వేసి ఉంది. మేకలు మేపుతున్న మునెమ్మ అనే ఆమె నన్ను కేకేసి ఆపింది.

"ఆ పక్క పోవద్దన్నా. నీళ్లల్లో ఏందో ఉండాది. నావి మూడు మేకల్ని తినేసినాది. ఊళ్లో చెప్తే నక్క అంటారు. నీళ్లల్లో నక్క యాడైనా ఉంటాదా?"

మేత గది వెనక తుప్పు పట్టిన బొక్కెన ఒకటి దొరికింది. రాయితో మూడుసార్లు కొట్టాను. ఏమీ రాలేదు.

"బిడ్డను అన్నానికి పిలిచినట్టు పిలస్తా ఉండావే!" అని మునెమ్మ నవ్వింది.

మళ్లీ కొట్టాను. పాచి కదిలింది. రెండు కళ్లు, ముక్కు, వీపు, ఆ వెనక తెగిన తోక. గట్టు దాకా వచ్చి నోరు తెరిచింది. మునెమ్మ నవ్వు ఆగిపోయింది. నా చేతిలో బొక్కెన ఖాళీ. మేత లేకుండా బొక్కెన కొట్టడం మా పనిలో పెద్ద తప్పు. అదీ చేశాను.

సంగతంతా ఆమెకు చెప్పాను, సంతకంతో సహా. "చచ్చిపోయిందని నువ్వు రాసినావు. పాపం, దానికి చదువు రాదు కదన్నా, తెలీక బతికేసినాది," అంది.

కొలను ఏప్రిల్‌లో ఎండాక పూడుస్తామని ప్లాట్ల కాంట్రాక్టరు మనిషి చెప్పాడు. ఏప్రిల్‌కు మొండి బొరియలో ఉంటుంది. మట్టి దాని మీదే పడుతుంది.

మొసళ్లను పట్టే అధికారం ఉన్న అటవీ శాఖ ఆఫీసుకు వెళ్లాను. మర్యాదగానే విన్నారు. ఒక గార్డును నా వెంట పంపారు. ఈసారి మాంసం పట్టుకెళ్లి, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా బొక్కెన కొట్టాను. రాలేదు. ఖాళీ బొక్కెనకు రెండోసారి మోసపోయే జీవి కాదు అది. నా దగ్గర ఫొటోలు తీసే ఫోను లేదు. తమ మొసలి ఒకటి అక్కడ మిగిలిందని ట్రస్టు వాళ్లు ఒక్క ముక్క రాసిస్తే మర్నాడే వల, మనుషులతో వస్తామని ఆఫీసులో అన్నారు.

ట్రస్టుకు మూడు రిజిస్టర్డు ఉత్తరాలు రాశాను. మూడోదాంట్లో, ఆ రోజు నేను పెట్టిన సంతకం అబద్ధమని, ఎక్కడ నిలబెట్టి అడిగినా ఇదే చెబుతానని రాశాను.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే: తలను కంటితో చూడకుండా లెక్క మీద సంతకం పెట్టకండి. పెట్టినవాడు తర్వాత కంటితో చూసినా సాక్షిగా పనికిరాడు.

మార్చి చివరి వారంలో జవాబు వచ్చింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

"తమరి మూడు అర్జీలు అందినవి. రికార్డులు పరిశీలించడమైనది. సదరు కొలనులోని ఐదవ మొసలి మరణించినట్లు అప్పటి హెడ్ కీపరు స్వయంగా ధ్రువీకరించి సంతకం చేసి ఉన్నారు. వారు ఇరవై రెండేళ్ల అనుభవం గలవారు. వారి మాటను కాదనుటకు మాకు ఎట్టి ఆధారమూ లేదు."