చిన్నమ్మ పేర్చిన పొయ్యి

నా చిన్నప్పుడు మడికొండలో మాది ఒకే గది పెంకుటిల్లు. ఇప్పుడక్కడ అద్దాల ఆఫీసులు లేచాయి గానీ, ఆ రోజుల్లో మా వాకిట్లో నిలబడితే పత్తి చేలే కనిపించేవి. మా బాపు ఎనుమాముల మార్కెట్లో బస్తాలు మోసేవాడు. అమ్మ జ్వరంతో పోయాక వంట నా మీద పడింది. గంజి వార్చడానికి చేతుల్లో బలం చాలని వయసు నాది.

అమ్మ కూర్చున్న చోటే కూర్చొని, అమ్మ ఊదిన గొట్టంతోనే ఊదేదాన్ని. కట్టెలు ఎన్ని ఎక్కువ పెడితే అంతసేపు మండుతాయనుకొని పొయ్యి నోటి నిండా కుక్కేదాన్ని. ఇల్లంతా పొగ కమ్మేది. ఆ పొగకు మా తమ్ముడికి దగ్గు పట్టుకుంది. పిల్లవాణ్ని పొగకు దూరంగా ఉంచమని దవాఖానలో చెప్పారు. ఉన్నదే ఒక్క గది, ఎంత దూరం ఉంచుతాం?

ఆ ఏడే బాపు మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. వచ్చినామెను చిన్నమ్మా అని పిలవమన్నారు. నేను పిలవలేదు. ఆమె పొయ్యి వైపు అడుగేస్తే చాలు, అడ్డంగా కూర్చునేదాన్ని. ఆ చోటు కూడా ఇచ్చేస్తే అమ్మ పూర్తిగా పోయినట్టే అనిపించేది. ఆమె ఒక్కసారీ నన్ను లెమ్మనలేదు. కూరగాయలు తరిగి నా పక్కన పెట్టి, తన పని చూసుకునేది.

ముసురు పట్టిన ఒక పొద్దున కట్టెలన్నీ నానిపోయాయి. ఎంత ఊదినా మంట లేవలేదు. పొగ మాత్రం సుడులు తిరిగింది. మంచం మీద తమ్ముడికి దగ్గు తెర విడవకుండా వచ్చి, గుక్క తిరగలేదు, ముఖం కందిపోయింది. చిన్నమ్మ వాణ్ని చంకనేసుకొని చూరు కిందికి పరుగెత్తింది. వాడి ఊపిరి కుదుటపడ్డాక బాపు చేతికిచ్చి లోపలికి వచ్చింది. నేను గొట్టం పక్కన పడేసి ఏడుస్తున్నాను.

ఆమె నా పక్కన కూర్చుంది. “ఏడ్వకు బిడ్డా. నేను జర ముట్టుకుంటె ఏమనవు గదా?” అంది.

నేను తల ఊపాను.

ముందు పొయ్యిలో ఉన్నవన్నీ బయటికి తీసి, బూడిద ఎత్తింది. తర్వాత తన మంచం కింది నుంచి ఎండు కట్టెలు లాగింది. వచ్చిన నాటి నుంచీ ఎండ కాసినప్పుడల్లా ఎండబెట్టి దాచిందట. నేనే చూడలేదు. లావుపాటి తుమ్మ కట్టెలు రెండింటిని మధ్యలో సందు వదిలి పక్కపక్కన పెట్టింది. వాటి మీద సన్నటి పత్తి కట్టెలు అడ్డంగా, పలుచగా పేర్చి, పైనుంచి అంటించమని అగ్గిపెట్టె నాకే ఇచ్చింది.

“కింద గదా అంటువెట్టేది?” అన్నాను. ఆమెతో నేను మాట్లాడిన మొదటి మాట అదే.

“పైన అంటుకుంటె మంట మెల్లగ కిందికి దిగుతది. పొగ ఆ మంటల్నే కాలిపోతది. కుక్కితె కట్టెకు ఊపిరాడదు బిడ్డా, మన పిలగానికి ఆడనట్టే.”

పుల్లలు చిటపటమని అంటుకున్నాయి. గొట్టం అవసరమే రాలేదు. తుమ్మ కట్టెలు కాలేకొద్దీ కొంచెం కొంచెం లోపలికి జరపడం నేర్పింది. తడి కట్టెలను మర్నాటి కోసం పొయ్యి గోడకు ఆనించింది. ఆ తుమ్మ కట్టెల మీదే తమ్ముడి స్నానానికి నీళ్లు కాగాయి, పప్పు ఉడికింది, చివరికి అన్నమూ ఉడికింది. వాడు లోపలికి వచ్చి, దగ్గకుండా నా ఒళ్లో తల పెట్టి నిద్రపోయాడు.

వాడు లేస్తాడని నేను కదల్లేదు. “చిన్నమ్మా, జర అన్నం వార్చవా?” అన్నాను. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకొని గిన్నె దించింది.

పొయ్యి పేర్చడం ఆమెకు మొదటి రోజు నుంచే తెలుసు. నన్ను పక్కకు నెట్టి చేసి ఉంటే వంట అయ్యేది గానీ, ఆమె నాకు అమ్మ అయ్యేది కాదు. ఇప్పుడు మా ఇంట్లో గ్యాసు పొయ్యి. కొత్తగా వచ్చిన కోడలు తడబడుతుంటే నా చెయ్యి దానంతటదే ముందుకు పోతుంది. వెనక్కి తీసుకొని, “నేను ముట్టుకోవచ్చా బిడ్డా?” అని అడుగుతాను. వద్దంటే పక్కనే కూర్చొని కూరగాయలు తరుగుతాను.