గ్రహణానికి ముందే కలవాల్సిన పెదవి

1898లో నేను రాజమండ్రి మిషను ఆసుపత్రిలో నర్సుని. ఆ జనవరిలో పట్టపగలు సూర్యగ్రహణం పట్టింది. మే నెలలో పట్టిసీమ నుంచి ఒక జాలరి కుటుంబం పడవ దిగింది: అత్త పోలమ్మ, కోడలు సత్తెమ్మ, నెల నిండిన ఆడపిల్ల. పిల్ల పైపెదవి ముక్కు దాకా చీలి ఉంది. డాక్టర్లు దాన్ని హేర్ లిప్ అంటారు, మనవాళ్ళు గ్రహణం మొర్రి అంటారు.

పోలమ్మ నా చేతి మంచినీళ్ళు తాగలేదు. మతం పుచ్చుకున్నదాన్నట. నేను మరిచిపోయే మనిషిని కాను. ఏడో నెల కడుపుతో, గ్రహణం వేళ కోడలు కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోసిందనీ, అందుకే పిల్ల ఇలా పుట్టిందనీ పోలమ్మ చెప్పింది. ఆ మాట మా డాక్టరమ్మగారి నోట కూడా అనిపించి, తల్లినీ పిల్లనీ పుట్టింటికి పంపేయాలని వచ్చింది. సత్తెమ్మ తల ఎత్తకుండా ఉగ్గుగిన్నెతో పాలు పోస్తోంది. పిల్ల చప్పరించలేక సగం బయటికి వదిలేస్తోంది.

డాక్టరమ్మగారు దొరసాని. పుస్తకంలో బొమ్మ చూపించారు. కడుపులో ముఖం రెండు పక్కల నుంచి పెరుగుతూ వచ్చి మధ్యలో కలుస్తుందనీ, రెండు నెలలు నిండేసరికే ఆ పని అయిపోవాలనీ చెప్పారు. అటు పక్క వస్తోందని ఇటు పక్కకు కబురు ఎవరు చెబుతారని నేనొకసారి ఆవిడను అడిగాను. అది ఇంకా ఎవరికీ తెలియదన్నారు. ఈ పిల్ల విషయంలో ఆ కబురు అందలేదని నేను అనుకున్నాను. పోలమ్మ బొమ్మ వంక చూడనైనా లేదు.

నాది మొండిపట్టు. "కోడిని పొదగేస్తుంటారా, పోలమ్మగారూ?" అని అడిగాను.

"ఏడాదికి మూడుసార్లు. ఎందుకూ?"

"మధ్యలో గుడ్డు పగిలితే లోపల చూశారా?"

"చూడకేం. పన్నెండో నాటికి ముక్కు, కాళ్ళు అన్నీ ఉంటాయి. పిల్ల మాత్రం ఇంతే ఉంటది." వేలు చూపించింది.

"మరి పదిహేనో నాడు పెట్టకు గ్రహణం తగిలితే ఆ ముక్కు చీలుతుందాండి?"

పోలమ్మ వేళ్ళు మడిచి నెలలు లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. తర్వాత మెల్లగా అంది: "ఆ చేపలు కోయమన్నది నేనేనమ్మా. పాడైపోతాయని."

సత్తెమ్మ అప్పుడు తల ఎత్తింది.

మర్నాడు క్లోరోఫారం అనే మత్తుమందు పీల్పించాం. డాక్టరమ్మగారు చీలిక అంచులు కోసి, పట్టుదారంతో కుట్టారు. తల కదలకుండా పట్టుకున్నది నేను. వారానికి కుట్లు విప్పాం. ఇంకొన్నాళ్ళకు పిల్ల తల్లి రొమ్ము పట్టి, వార్డంతా వినబడేలా చప్పరించింది. మేమందరం పనులు మానేసి చూస్తూ నిలబడ్డాం. పోలమ్మ ప్రతి మంచం దగ్గరికీ వెళ్ళి గుడ్డు సంగతి చెప్పింది, తానే కనిపెట్టినట్టు. డాక్టరమ్మగారు కూడా తర్వాత ఒక సభలో ఇదంతా చెప్పి నా పేరు ఎత్తలేదు. రెండూ నాకు గుర్తున్నాయి.

పోలమ్మ కోడల్ని తన ఇంటికే తీసుకుపోయింది. పుస్తకంతో కాక, ఎదుటివాళ్ళ చేతులకు తెలిసిన పనితో మాట మొదలుపెట్టాలని నేను నేర్చుకున్నాను. తర్వాత పట్టిసీమ చుట్టుపక్కల నుంచి మొర్రి పిల్లలతో ఇద్దరు తల్లులు వచ్చారు. ఇద్దరినీ అత్తలే వెంటబెట్టుకొచ్చారు. కోడలి తప్పేమీ లేదంటూ, గుడ్డులో పిల్లకు ముక్కు ఎప్పుడు వస్తుందో ఇద్దరూ నాకే వివరంగా చెప్పారు. మధ్యలో అడ్డు రాకుండా చివరిదాకా విన్నాను.