లివరుకు మావ కట్టిన తాడు

మావ పోయాడని నా భార్య ఫోన్ చేసినప్పుడు నేను కోల్‌కతా ఎదుటి ఒడ్డున షాలిమార్ రేవులో, ఆయన చాన్నాళ్లు నడిపిన తెరచాప పడవలోనే డీజిల్ ఫిల్టరు మారుస్తున్నాను. "నాన్న ఎల్లిపోయాడు. ఇకనైనా ఆ పగ ఒగ్గీ" అంది. ఫిల్టరు బిగించాకే ఇంటికి వెళ్లాను.

పాడె దగ్గర అందరూ ఆయన్ని మంచివాడన్నారు. నేను ఆ మాట అనలేను. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి, మేం దాదా అని పిలిచే ఒక బెంగాలీ షావుకారు షికారు పడవలో ఇంజిన్ పనికి కుదిరాడు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే డీజిల్. డీజిల్ ఎంత అయిందని దాదా ఏనాడూ అడగలేదు. మావే దాన్ని ఒంట్లో రక్తంలా కాపాడేవాడు. వేగం పెంచే లివరు సగం దాటకుండా వలతాడుతో కట్టేశాడు.

"సగం దాటితే తాగుడే గాని నడకుండదు" అనేవాడు. అది నిజమే. ఆపైన ఎంత డీజిల్ తాగించినా వెనక నురగ పెరుగుతుంది గాని పడవ పరిగెత్తదు. చప్పుడు విని ఇంజిన్ బాధ పోల్చుకోవడం నాకు నేర్పిందీ ఆయనే. తిట్టకుండా ఒక్కరోజూ నేర్పలేదు. ఆ పనే నాకు ఇన్నాళ్లు అన్నం పెట్టింది. కాదనను.

పెళ్లైన కొత్తలో డాక్‌లో పర్మనెంటు ఉద్యోగానికి పిలుపొచ్చింది. మర్నాడు పొద్దున్నే హాజరు కావాలి. మావా నేనూ పడవతో, నది సముద్రంలో కలిసే సాగర్ దగ్గర ఉన్నాం. ఒక్కడు నడిపే పడవ కాదు, వదిలి రాలేను. పోటు మొదలై నీరు కోల్‌కతా వైపు తోస్తోంది. ఇంజిన్ వేసి బయల్దేరదామన్నాను.

"ఆగల్లుడా. దక్షిణం గాలొస్తాది. చుక్క డీజిలక్కర్లేదు."

గాలి రాలేదు. పోటు చాలావరకు అయిపోయాక కదిలాం. దారిలోనే నీరు వెనక్కి, సముద్రం వైపు లాగడం మొదలైంది. నేను తాడు విప్పి లివరు పూర్తిగా తోశాను. నల్లపొగ లేచింది. ఒడ్డున ఇటుక బట్టీ గొట్టం మాత్రం ఎంతసేపటికీ మా పక్కనే ఉంది.

మావ దానికేసి చూశాడు. "ఏటల్లుడా, అది కూడా నీతోటి ఉజ్జోగానికొస్తాదేటి?"

ఇంజిన్ ఆపి, తాడు మళ్లీ కట్టి, లంగరు వేసేశాడు.

"నువ్వు గాలి కోసం కూకోబట్టే కదా మావా ఇదంతా!"

"గాలి నా అయ్య సొమ్మేటి?" అన్నాడు. టీ పెట్టుకున్నాడు. నాకు పొయ్యలేదు.

మళ్లీ పోటు వచ్చేదాకా అక్కడే ఉన్నాం. ఉద్యోగం వేరేవాడికి పోయింది. లాగే నీటికి ఎదురు డీజిల్ తగలెయ్యకూడదన్నది సరైన మాటే. చేతిలో ఉన్న పోటును వదిలింది మాత్రం ఆయన తప్పు. ఆ ఒక్క మాట ఆయన నోట వినాలని ఇన్నేళ్లు కనిపెట్టుకున్నాను. చివరిసారి మంచం దగ్గర కూర్చుంటే కళ్లు తెరిచి చూశాడు.

"ఫిల్టరు మార్చావేటి?"

అంతే.

దినకర్మలయ్యాక దాదా పడవెక్కాడు. "బుడో నేయ్, ఏబార్ జోరే చాలావ్!" అన్నాడు. ముసలాడు లేడుగా, ఇక గట్టిగా పోనిమ్మని.

కత్తితో తాడు కోసేశాను. అది ఒరిసిన చోట లివరు మీద రంగు పోయి ఇనుము మెరుస్తోంది. పూర్తిగా తోశాను. ఇంజిన్ అరిచింది, వెనక నురగ లేచింది, దాదా చప్పట్లు కొట్టాడు. ఒడ్డున రేవు మెట్లు మాత్రం, మావ ఉన్నప్పటిలాగే, మెల్లగా వెనక్కి జరుగుతున్నాయి.