సీఫా నేర్చుకున్న చుట్టరికం

ముకమీర దగ్గర కొండ మీద, సెబుహోరో ఇంట్లో, సీఫాకు తిండి ఊరికే పెట్టేవారు కాదు. ఉడికిన బంగాళాదుంపలు పొగలు కక్కుతుంటే, సెబుహోరో భార్య వెరెదియాన ఆ పళ్ళేన్ని పిల్లకి అందనంత ఎత్తులో పట్టుకుని మొగుణ్ణి చూపించేది.

“ఈయన నీకేమవుతాడే?”

“మరూమె.”

“గట్టిగా చెప్పు. నోట్లో దుంప పెట్టుకున్నట్టు ఆ నసుగుడేంటి? ఇంకా పెట్టలేదుగా!”

“మరూమె!”

“మరి వీడు?” అని తన కొడుకు దమసేని వైపు వేలు చూపేది.

“ముబ్యారా.”

అప్పుడు పళ్ళెం కిందికి దిగేది. దమసేని పగలబడి నవ్వేవాడు. సీఫా కూడా నవ్వేది, పాపం, తను బాగా పలికినందుకే నవ్వుతున్నారనుకుని.

మరూమె అంటే మేనమామ. ముబ్యారా అంటే మేనమామ బిడ్డ. మాటలు చక్కటివే, తప్పు పట్టడానికి లేదు. కాకపోతే సెబుహోరో ఆ పిల్లకు మేనమామ కాడు. ఆమె తండ్రి హితిమనకు తోడబుట్టిన తమ్ముడు. తండ్రి తమ్ముణ్ణి అక్కడ దాత వాచు అంటారు, ‘మా నాన్న’ అని అర్థం. అతని కొడుకు అన్న అవుతాడు. చిన్నాన్నని పట్టుకుని మావయ్యా అంటే మన ఇళ్ళలో ఎలా ఉంటుందో ఆ కొండ మీదా అలాగే ఉంటుంది. ఈ సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు, పళ్ళెం కోసం చూసే ఆ పిల్లకి తప్ప.

హితిమన లారీ డ్రైవరు. సరిహద్దు అవతల, పక్క దేశంలోని గోమా పట్నంలో కాపురం పెట్టాడు. సీఫా అక్కడే పుట్టింది, స్వాహిలీ తప్ప మరో మాట రాకుండా పెరిగింది. తల్లి జ్వరంతో పోయింది. తర్వాత తండ్రికి ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. ఓ మధ్యాహ్నం పిల్లను వెంటబెట్టుకుని తను పుట్టిపెరిగిన కొండ ఎక్కాడు, తమ్ముడి చేతిలో పెట్టాడు.

“దీనికి మన భాష నేర్పరా. ఎవరిని ఏమని పిలవాలో ముందు అది నేర్పు. నా పొలం దీనిది,” అన్నాడు.

“నువ్వు చెప్పాలా అన్నయ్యా, నా కూతురు కాదూ!” అన్నాడు సెబుహోరో. హితిమన ఆసుపత్రికి వెళ్ళాడు, తిరిగి రాలేదు.

తండ్రి భూమిలో ఆడపిల్లకూ వాటా ఉందని చట్టం వచ్చిన కొత్త రోజులవి. హితిమన పొలం నల్లమట్టి పొలం, దుంప వేస్తే పిడికిలంత ఊరుతుంది. అలాంటి పొలం గోమా నుంచి దిగిన పిల్లకు వదిలేయడానికి సెబుహోరోకి మనసొప్పలేదు. అన్నదమ్ములిద్దరికీ ఒక చెల్లెలుండేది. ఆమె కూడా గోమాలోనే కాపురం చేసి పిల్లాజెల్లా లేకుండా పోయింది. ఆమెకు పిల్లలు లేరన్న సంగతి కొండ మీద ఎవరికీ తెలియదు, సెబుహోరోకీ అతని తల్లికీ తప్ప. మేనకోడలికైతే మేనమామ పొలంలో వాటా రాదు. ఇక అతను పెద్దగా కష్టపడింది లేదు. ఈ పిల్ల మా చెల్లెలి కూతురు, అన్నయ్య జాలిపడి తెచ్చాడు అని నలుగురిలో ఓ మాట వదిలాడు. ఆ మాటకు సాక్ష్యం పిల్ల నోట్లోనే తయారు చేయించాడు.

అతని తల్లి, ఆ ఇంటి పెద్దావిడ, మూల కూర్చుని అంతా వినేది. ఆ భాషలో నాయనమ్మకీ అమ్మమ్మకీ ఒకటే మాట, న్యోగొకురు. అందువల్ల ఆవిడకు అబద్ధమాడాల్సిన అవసరం రాలేదు. ఆ అదృష్టానికి ఆవిడ దేవుడికి దండం కూడా పెట్టుకుని ఉంటుంది.

హితిమన మైల తీరిన రోజు బంధువులంతా వాకిట్లో చేరారు. జొన్నబీరు కుండ మధ్యలో పెట్టి, పీల్చి తాగడానికి గొట్టాలు వేశారు. వంశానికి పెద్ద సెమాన. పొలం మాట తేల్చే ముందు ఆయన సీఫాను దగ్గరికి పిలిచి చేతికి పాలబుర్ర ఇచ్చాడు.

“ఇలా రా తల్లీ. ఇక్కడ నీవాళ్ళు ఎవరో, ఒక్కొక్కర్నీ పేరు పెట్టి కాదు, వరస పెట్టి పిలిచి ఇది అందించు.”

సీఫా ఎదురుచూసిందే దీని కోసం. తనకు ఆ భాష వచ్చని, తనూ ఈ ఇంటి పిల్లేనని అందరికీ చూపించాలని ఆరాటం. ముందు ముసలావిడకిచ్చి న్యోగొకురు అంది. తర్వాత సెబుహోరో ముందు రెండు చేతులా బుర్ర పట్టుకుని నిలబడింది.

“మరూమె, తీసుకోండి.”

సెమాన గొట్టం నోట్లోంచి తీశాడు.

“ఏమన్నావమ్మా? మళ్ళీ చెప్పు.”

ముసలాయనకు వినపడలేదనుకుంది. నవ్వుతూ, వెరెదియాన నేర్పినట్టే, గట్టిగా చెప్పింది.

“మరూమె!”

“విన్నారుగా,” అన్నాడు సెబుహోరో, ఎంతో బాధపడుతున్నవాడిలా. “నేనంటే మీరు నమ్మలేదు. పసిదాని నోటితోనే విన్నారు.”

సెమాన ముసలావిడ వైపు తిరిగాడు. “మరి నువ్వేమంటావు? కొడుకు కూతురా, కూతురి కూతురా?”

ముసలావిడ పాలబుర్ర అంచు తుడుచుకుంది. “నన్ను న్యోగొకురు అంటుంది. ఆ పిలుపు నిజమే,” అంది.

పొలం సెబుహోరోకి రాసేశారు. సీఫాకు ఆ రోజు పళ్ళెం నిండా దుంపలు పెట్టారు, ఏమీ అడగకుండానే.

తప్పెక్కడుందో ఆమెకు బడిలో తెలిసింది. చుట్టరికాల పాఠం చెబుతుంటే పక్కపిల్ల ముసిముసిగా నవ్వింది. ఆ సాయంత్రం ఇంటికి పరుగున వచ్చి గుమ్మంలో నిలబడి “దాత వాచు” అని పిలిచింది. సెబుహోరో చెంప ఛెళ్ళుమనిపించాడు.

“కొండంతా విన్నాక ఇప్పుడు మాట మారుస్తావా? ఎవరు నేర్పారే నీకీ అబద్ధాలు?”

ఆ తర్వాత సీఫా ఎప్పుడూ మాట మార్చలేదు. తండ్రి పొలంలోనే కూలిదానిలా దుంపలు తవ్వింది. తాపీమేస్త్రీ ఒకడు చేసుకుంటానని వస్తే, ఆడపిల్ల తండ్రికి ఓలిగా దక్కాల్సిన ఆవును సెబుహోరో తోలుకుని తన కొట్టంలో కట్టేసుకున్నాడు. ఆవు దగ్గర మాత్రం మేనమామకీ చిన్నాన్నకీ తేడా అడ్డం రాలేదు. సీఫా దిగువకు కాపురానికి పోయింది, సంతలో దుంపల వ్యాపారం పెట్టింది, రోడ్డు పక్కన రెండు గదులు వేసుకుంది.

వెరెదియాన పోయింది. దమసేని తాగుడులో పొలాలన్నీ, హితిమనదీ కలిపి, ఎవరో పరాయివాడికి అమ్మేసి పట్నం పారిపోయాడు. సెబుహోరోకి పక్షవాతం వచ్చి ఓ పక్క పడిపోయింది. ఇరుగుపొరుగువాళ్ళు అతన్ని మోసుకొచ్చి సీఫా ఇంట్లో దించారు. ఆమె కాదనలేదు. చాప వేసింది, దుప్పటి కప్పింది, పూటపూటా జొన్నజావ కాచింది.

“ఎంత దొడ్డ మనసో! మేనమామని కన్నతండ్రిలా చూసుకుంటోంది,” అనేవారు పక్కింటివాళ్ళు. కొండ మీదా, దిగువనా ఆ అబద్ధం అంతగా పాతుకుపోయింది.

ఓ ఉదయం జావ చల్లారబెట్టి, గరిటె అతని నోటి దాకా తెచ్చింది. అతను నోరు తెరవకుండా ఆమె మొహంలోకి చూశాడు. కంట్లో నీళ్ళున్నాయి. వంకరపోయిన నోటితో కూడబలుక్కున్నాడు.

“సీఫా... తప్పు చేశా. ఒక్కసారి... దాత వాచు అను. నీ నోట విని పోతా.”

అలా పిలవనిస్తే ఒకప్పుడు ఆమె ప్రాణమైనా ఇచ్చేది. బడి నుంచి పరుగున వచ్చి గుమ్మంలో నిలబడ్డ రోజున. ఇప్పుడది తన పొలంలో వేరేవాళ్ళ దుంపల్లా ఉంది, చూడ్డానికే గాని తీసుకోవడానికి కాదు. సీఫా గరిటె వెనక్కి తీసింది. అతనికి అందనంత ఎత్తులో పట్టుకుంది.

“మీరు నాకేమవుతారు?”

“దాత... వాచు.”

“కాదు. మళ్ళీ చెప్పండి. గట్టిగా.”

గరిటె అంచున జావ చుక్క సాగి చాప మీద పడింది. ముసలివాడు దాని వంక చూశాడు. రాత్రి జావ సరిగ్గా మింగుడుపడలేదు, ఆకలిగా ఉన్నాడు. పెదవులు చాలాసేపు కదిలాయి.

“మరూమె.”

సీఫాకు ఒళ్ళంతా హాయిగా అనిపించింది. లేదంటే అబద్ధం. గరిటె దించి అతని నోట్లో పెట్టింది, మూతి తుడిచింది, రెండో గరిటె ముంచి మళ్ళీ పైకెత్తింది.